ఎఫ్ మెట్టు

కేప్ బ్రెటన్ దీవిలో, ఉప్పుగాలి తలుపులు తట్టే ఒడ్డున
మా ప్రెస్బిటేరియన్ చర్చిలో
కాళ్ళతో తొక్కే ఆర్గన్ ఒకటి.
నడిమి ఎఫ్ మెట్టు దిగదు.
నాకు ఏడేళ్ళప్పటి నుంచీ దిగదు.
ఎందుకు దిగదో నాకు తెలుసు.

ప్రసంగం మూడో అంశంలోకి రాగానే
అమ్మమ్మ చేతిసంచి గొళ్ళెం టక్కుమనేది.
పిప్పరమెంటు బిళ్ళ నా గుప్పిట్లోకి జారేది.
కొరకకూడదు. చప్పరించాలి.
ఆమెన్ దాకా రావాలి,
అదీ మా ఇంటి వేదాంతం.

ఆ ఆదివారం పెద్దవాళ్ళు మెట్ల మీద నిలబడి
లాబ్‌స్టర్ల ధర మాట్లాడుకుంటుంటే
సగం కరిగిన బిళ్ళను
రెండు మెట్ల మధ్య సందులో పెట్టి చూశాను.
పట్టింది.
వేలితో నొక్కాను.
ఇంకా లోపలికి పోయింది.

మర్డీనా మెకాస్కిల్ మరుసటి వారం
మొదటి కీర్తన రెండో పాదంలో ఆగిపోయింది.
మళ్ళీ నొక్కింది.
కాపరి వెన్నకత్తి తెచ్చి కెలికాడు.
హాలిఫాక్స్ నుంచి మనిషిని పిలిపిస్తే
ఈ చలికాలం బొగ్గు ఎవరు కొంటారని పెద్దలు అడిగారు.
ఆ మాట అక్కడితో సరి.

ఆపై ఆదివారం ఆ లోటు దగ్గరికి రాగానే
మూడో బల్ల నుంచి నీల్ యాంగస్
పెదవులు విడవకుండా "మ్" అన్నాడు.
అంతే ఎత్తు, అంతే పొడవు.
అందరూ మాటలు పాడుతుంటే
ఆయన మాత్రం ఎఫ్ వచ్చినప్పుడల్లా ఎఫ్.

ముప్పై ఎనిమిదేళ్ళు.
పెళ్ళిళ్ళకు, బాప్తిస్మాలకు,
పడవ ఒక్కటే తిరిగొచ్చిన ఆ అన్నదమ్ముల ఆరాధనకు.
జలుబు చేస్తే ముక్కులోంచి.
భార్య శవపేటిక ముందు నిలబడి
పాట పాడలేకపోయాడు,
ఎఫ్ మాత్రం ఇచ్చాడు.

నేను ఆయన వెనక బల్లలో పెరిగాను.
గాలికి చిట్లిన మెడ మీది గీతలు
ప్రతి ఎఫ్‌కీ కాలర్ అంచు దాటి లేచేవి.
చెప్పేద్దామని రెండుసార్లు ముందుకు వంగాను.
రెండోసారి, ఏం కావాలో అర్థమైందన్నట్టు
వెనక్కి తిరక్కుండానే
పిప్పరమెంటు అందించాడు.

మార్చిలో పోయాడు.
ఆయన అంత్యక్రియల్లోనే
ఆ ఖాళీలు మొదటిసారి విన్నాం.
ఒక్క పాదంలో నాలుగు.
చేతిజోడు చిరిగి
వేలు బయటికొచ్చినట్టు.

లాటరీ పెడదామంటే పెద్దలు కళ్ళెర్రజేశారు.
ఆపిల్ పైలు అమ్మాం.
హాలిఫాక్స్ మనిషి వచ్చి పావుగంటలో మెట్టు ఊడదీసి
అరచెయ్యి చాపాడు.
పసుపెక్కిన బిళ్ళ. ఎలుకలు కూడా ముట్టలేదు.
"దీనికి డబ్బేం తీసుకుంటాను" అని
రెండు పైలు పట్టుకుపోయాడు.
తొంభైకి దగ్గరపడ్డ మర్డీనా
బిళ్ళ వైపు చూసింది.
నా వైపు చూడలేదు.
ఒక మనిషి అంత జాగ్రత్తగా చూడకుండా ఉండటం
నేనెప్పుడూ ఎరగను.

ఆదివారం ఎఫ్ పలికింది.
కొత్తల్లుడిలా బిగుసుకుని, శుభ్రంగా, వేళకి.
ఇరవై ముగ్గురం
పాట సగంలో వదిలేసి
మూడో బల్ల వైపు తిరిగాం.
అక్కడ ఆయన కీర్తనల పుస్తకం,
గుర్తుగా పెట్టిన చేపల కాటా చీటీ.

పెద్దల సభ మినిట్స్ రాసేది ఇప్పుడు నేనే.
రాశాను:
ఆర్గన్ మరమ్మతు. ఖర్చు, రెండు పైలు.
చెడిపోవడానికి కారణం,

కలం ఆగింది.
పక్కన మర్డీనా కళ్ళద్దాలు తుడుచుకుంటోంది.
"తేమ అని రాయి" అంది.

రాశాను.
సిరా ఆరేదాకా ఇద్దరం
ఏదో చప్పరిస్తున్నవాళ్ళలా
నోరు మెదపకుండా కూచున్నాం.