మూడు చక్రాలకి రేటు లేదు

సఖినేటిపల్లి రేవులో, పంటు మీద
ముప్పయ్యేళ్ళు టికెట్లు చింపేనండి.
మనిషికింత, సైకిలుకింత, మేకకింత,
కొబ్బరికాయల బస్తాకింత అని
రేకు బోర్డు మీద తెల్లరంగుతో రాసుండేది.
అన్నిటికీ అడుగున, వేరే చేతిరాతలో
‘సైనికులకు ఉచితం’.
ఏ యుద్ధం గెలిచినప్పుడు రాయించేరో
నేను పనిలో చేరేసరికే
ఆ అక్షరాలు పెచ్చులూడుతున్నాయి.

గుబ్బల పళ్ళాలు సెలవు మధ్యలో
సిలోను పిలుపందుకుని వెళ్ళిన రోజు
జనానికి పంటు ఓ పక్కకి ఒరిగిపోయింది.
బంతిపూల దండలు, బాజా,
ఇంజను మోతలో సగమే వినబడ్డ ఉపన్యాసం.
‘శాంతి కోసం’ అన్నమాట మాత్రం
మూడుసార్లు వినబడింది.
ఆ రోజు నేను ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు.

తర్వాత ఓ వానాకాలం. ఆ తర్వాత ఇంకోటి.
రేడియో మెల్లిగా మాట మార్చింది.
టీకొట్టు దగ్గర సత్తిరాజు మాస్టారు
‘అసలు మనకెందుకొచ్చిన గొడవండీ అది’ అన్నారు.
దండ వేసింది ఆయనే.
అడుగుదామనుకుని అడగలేదు.
నాకూ అలాగే అనిపించడం మొదలైంది మరి.

తొంభయ్యో సంవత్సరం, పెద్ద తుపానుకి ముందు,
నరసాపురం గట్టున ఎవరో ఎక్కేరు.
చంకలో కర్ర.
మడిచి పిన్నీసు పెట్టిన పేంటు కాలు.
నేను మొహాలు చూడనండి, చేతులే చూస్తాను.
‘టికెట్’ అన్నాను.
జేబు తడుముకోబోతే కర్ర జారింది.
చిల్లర చెక్కల మీద దొర్లింది.
ఓ అర్ధరూపాయి సందులోంచి గోదాట్లో పడిపోయింది.
మిగిలింది ఏరి ఇచ్చేడు.
అప్పుడు చూసేను మొహం.
అయినా తీసుకున్నాను.

ఇవతలి గట్టున తల్లి ఒక్కతే, గొడుగేసుకుని.
మాస్టారు సైకిలు దిగబోయి
ఏదో పని గుర్తొచ్చినట్టు తొక్కుకుంటూ పోయేరు.

పింఛను కాయితం అలహాబాదులో
బల్లలు మారుతూ ఉండిపోయింది.
కాలు పోయింది డ్యూటీలోనేనా అని రాసి అడిగేరట.
మందుపాతరలు వెతకడం అతని డ్యూటీ.
‘దొరికిందండి, అలాగే రాసుకోండి’ అన్నాడట.

ఎవరో దాతలు మూడు చక్రాల బండి ఇప్పించేరు.
దానికి రేవులో పేచీ.
సైకిలంటే రెండు చక్రాలు, మూడుంటే రిక్షా,
రిక్షా రేటే కట్టాలంటాడు పాటదారు మనిషి.
బోర్డులో అడుగు లైను చూపించేను.
‘మరి యూనిఫాం ఏదీ?’ అన్నాడు.
పళ్ళాలు నవ్వేడు.
రిక్షా డబ్బులే ఇచ్చేడు, పదేళ్ళు.

ఓసారి పాటు వేళ, ఇసకమేట తగిలి
నడి గోదాట్లో రెండు గంటలు ఆగిపోయేం.
అప్పుడు చెప్పేడు, నీళ్ళకేసి చూస్తూ.
‘అక్కడా ఇలాంటి రేవేరా. కొబ్బరిచెట్లూ ఇవే.
దిగిన రోజు వాళ్ళూ దండలేసేరు.
ఏడాది తిరక్కుండా, నీలాంటి టికెట్ల కుర్రాణ్ణి
బోర్లా పడుకోబెట్టి సంచీ దులిపేను.
చిల్లర తప్ప ఏం లేదు.
ఏరుకోమన్నాను.
చేతులు వణికి ఏరుకోలేకపోయేడు.’

నాకు ఆ అర్ధరూపాయి గుర్తొచ్చింది.
అతనికి గుర్తుందో లేదో
నేను అడగలేదు.

తర్వాత ఇంకెక్కడో మంచుకొండల్లో మొదలైంది.
మళ్ళీ పంటు ఒరిగింది. జెండాలు, మైకు,
మైకు పట్టుకున్నవాడు మాస్టారి మనవడు.
‘పళ్ళాలు మావయ్యా, నువ్వు ముందొచ్చి నిలబడాలి!’
నిలబడాలి, అన్నాడండి.

పళ్ళాలు బండికి బ్రేకు వేసేడు.
అటు చూడకుండా నాకు చెయ్యి చాపేడు.
అందులో చిల్లర, లెక్కపెట్టి ఉంది.
‘మనిషికొకటి. బండికొకటి.
చింపి ఇయ్యి.’

చింపేను.
ఆ రోజు అందరి దగ్గరా తీసుకున్నాను,
ఒక్కొక్కళ్ళ దగ్గరా ఆగి,
జెండా కిందికి దించి
జేబు తడుముకునే దాకా నిలబడి.