హమ్మయ్య

జులై ఎండలో మంచు కురిపిస్తున్నాం
బుడాపెస్ట్ ఎనిమిదో వార్డులో,
మూడంతస్తుల పాత మేడ లోగిట్లో.
రెండు బస్తాల ఉప్పు, చించిన కాగితం, సబ్బు నురగ.
పలకమీద సుద్దతో నేనే రాశాను:
యాభై ఒకటో సంవత్సరం. తెల్లవారుజాము. టేకు ఒకటి.

పై వరండాలో సెలెట్స్కి యోలాన్.
పుట్టింది ఈ మేడలోనే. ఇంకా ఇక్కడే.
ఆమె పని సులువు:
పక్కింటి బెల్లు మోగగానే
తెర ఓరగా తీసి, భయపడాలి.

మోగింది.
ఆమె తెర జోలికే పోలేదు.
కుళాయి తిప్పింది.
అట్టతో చేసిన కుళాయి, నీళ్ళెక్కడివి?
అయినా దానికింద చేతులు పెట్టి నిలబడింది,
భుజాలు మెల్లగా దిగాయి.

కట్, అన్నాడు దర్శకుడు.
"భయం కావాలమ్మా. మీరేమో ఊపిరి పీల్చుకున్నారు."

"మంచు లేదు నాయనా ఆ రోజు," అంది.
"జూన్. పుల్ల చెర్రీల కాలం.
పోలీసు కాగితం చూసి ముందు ఇంటిపేరు చదువుతాడు.
అది మనది కాదని తేలడానికి
అర గుక్క చాలు.
ఫర్మోషి, అన్నాడు.
మా అమ్మ కుళాయి తిప్పింది, ఏడుపు వినపడకుండా.
నేను తొమ్మిదేళ్ళదాన్ని,
హమ్మయ్య అన్నాను.
పైకే అన్నాను."

ఎవరో గొడుగు మూశారు. లైటు ఆర్పలేదు.

"మర్నాడు లారీ ఎక్కారు, మనిషికో మూట.
వాళ్ళ పొయ్యిమీద చెర్రీ పాకం ఇంకా ఉడుకుతోంది.
మాడిపోతుందని అమ్మే దింపింది.
చలికాలమంతా రొట్టెకి రాసుకు తిన్నాం.
బాగుండేది.
అదే, చాలా బాగుండేది."

ఆ వేషం మధ్యాహ్నం ఇంకొకావిడకిచ్చారు.
ఆమె చక్కగా భయపడింది, ఒకే టేకులో.

పొద్దువాలాక ఉప్పు ఊడ్చి బస్తాకెత్తాను.
పావురాలు కాగితం ముక్కల్ని పొడిచి చూసి వదిలేశాయి.
సెలెట్స్కి యోలాన్‌కి కూలి ఇవ్వాలి, సంతకం తీసుకోవాలి.
మెట్లెక్కాను.

ఆ తలుపుకి బెల్లు లేదు.
ఉండాల్సిన చోట రెండు తీగలు,
కొసలకి నల్ల టేపు, టేపుమీద ఎన్నో పొరల రంగు.
వేలి కణుపుతో తట్టాను,
ఎంత మెల్లగా తట్టాననుకున్నానో.

లోపల కుళాయి తిరిగింది.

కవరు చేతిలో పట్టుకుని
నా ఇంటిపేరు చెబుదామని నోరు తెరిచి,
చెప్పలేక,
నీళ్ళు ఆగేదాకా నిలబడ్డాను.