గసగస గింజ

వంటింటి గోడకి క్యాలెండరు ఉంది గానీ
యోరిస్‌కి నెలల పేర్లు రావు.
నాలుగేళ్ళవాడు. వాసనలు పట్టుకుని ఏడాదిని లెక్కపెడతాడు.

మైనం వాసన వేస్తే కొవ్వొత్తుల పండుగ.
అప్పటికి మంచు కిటికీ అంచు దాకా ఉంటుంది,
నెమునాస్ నది గడ్డకట్టి ఉంటుంది.
ఫాదర్ గారు దీవించి ఇచ్చిన కొవ్వొత్తిని
ఉన్ని తొడుగుల చేతుల్లో పట్టుకుని ఇంటిదాకా నడిచాడు.
దారిలో మూడుసార్లు ఆరింది.
మూడుసార్లూ గాలినే కేకలేశాడు.
తెచ్చి నానమ్మ ఒళ్ళో పెట్టాడు.
"దాచు, పనికొస్తుంది" అందావిడ నాతో, మామూలుగా,
ఉప్పు సంగతి చెప్పినట్టు.

మూడు రోజులకి పునీత అగాతమ్మ రొట్టె.
అది ఉన్న ఇంటికి నిప్పంటదట.
వాళ్ళ నాన్న ఫైరింజన్ నడుపుతాడు.
"మన ఇల్లు సరే, నాన్న వెళ్ళే ఇళ్ళ మాటేమిటి?"
అని వైవా అడిగింది. ఏడేళ్ళ పిల్ల. అడిగి ఊరుకోలేదు.
వాషింగ్ మెషిన్ తెరిస్తే
యూనిఫాం నిండా తడిసి ముద్దయిన రై రొట్టె!
విదిలించలేక విసిగిపోయాను.
కుట్టులో ఇరుక్కున్న తునకని మాత్రం
విల్మాంతాస్ తియ్యనివ్వలేదు.

తపస్కాలం నడుమన ఒక రాత్రి
ఆ కొవ్వొత్తి పనికొచ్చింది.
నానమ్మ వేళ్ళ చుట్టూ నా వేళ్ళు చుట్టి పట్టుకున్నాను.
తెల్లారేసరికి సగం మిగిలింది.

మట్టల ఆదివారానికి మా దగ్గర ఈతమట్టలు దొరకవు,
ముళ్ళ ముళ్ళ జూనిపర్ కొమ్మలే.
ముందు లేచినవాళ్ళు నిద్రపోయేవాళ్ళని కొమ్మతో తట్టి లేపాలి,
తప్పంతా కొమ్మ మీదికి నెట్టెయ్యాలి.
ఏటా ముందు లేచేది ఆవిడే.
ఈ ఏడు ఎవరూ లేపలేదు.
ఎనిమిదింటికి లేచి నలుగురం
ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.
యోరిస్ కొమ్మ తీసుకుని వెళ్ళి
నానమ్మ ఖాళీ మంచాన్ని మూడుసార్లు తట్టి వచ్చాడు.
ఏమీ అనలేదు. మేమూ అనలేదు.

పాస్కాకి ఉల్లిపొట్టు వాసన.
ఇటుకరంగు గుడ్ల మీద సూదితో గీతలు:
వైవాది చేప, వాడిది ఫైరింజనట.
చెక్క వాలు మీంచి దొర్లిస్తే ఫైరింజనే గెలిచింది.

ఆగస్టులో మరియమాత మోక్షారోపణ.
గుత్తిలో రై వెన్నులు, పుదీనా, మట్టితో సహా ఒక క్యారెట్టు,
ఆవిడ పెరట్లో ఎవరూ చల్లకుండానే లేచిన సోయికూర.
పూజ జరిగినంతసేపూ మా బెంచీ చుట్టూ
ఒక తేనెటీగ ప్రదక్షిణ చేసింది.

తర్వాత వానలు, బురద బూట్లు, నాలుగింటికే చీకటి.
ఆత్మల పండుగ నాడు
సమాధుల గుట్ట గుట్టంతా దీపాలు.
యోరిస్ ముక్కెగరేసి వాసన చూశాడు.
"మైనం వాసన! మళ్ళీ కొవ్వొత్తుల పండుగొచ్చిందా?
అయితే నానమ్మ ఇంట్లోనే ఉంటుంది. పదండి, పదండి."
నా కొంగు లాంటి పొడుగాటి స్కార్ఫు పట్టుకుని లాగుతున్నాడు.
వాడి లెక్క తప్పని ఎలా చెప్పను?
వాసన అదే కదా.

క్రిస్మస్ ముందు రాత్రి
మేజాగుడ్డ కింద ఎండుగడ్డి పరిచాం.
పన్నెండు వంటకాలు, మాంసం లేకుండా.
ఆవిడ సీసాలో అడుగున మిగిలిన గసగసాలు నానబెట్టి
నేనే నూరాను, నేనే పాలు తీశాను.
ఆవిడ చోటులో పళ్ళెం, చెంచా.
ఆ రాత్రి బల్ల తియ్యకూడదు,
వెళ్ళిపోయినవాళ్ళు వచ్చి తింటారని.

పొద్దున చూస్తే పళ్ళెం ఖాళీ.
వైవా నా వైపు చూసింది.
నేను యోరిస్ వైపు చూశాను.
కింది పెదవి మీద
ఒక్క గసగస గింజ.
తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నానమ్మ వచ్చింది" అన్నాడు.
"ఏమంది?"
కాసేపు ఆలోచించాడు.
"తేనె తక్కువైందంది."

ఏటా ఆవిడ అనే మాటే.
ఏటా నాకు కోపమొచ్చే మాటే.
లేచి వెళ్ళి తేనె సీసా తెచ్చి
ఆ పళ్ళెం పక్కన పెట్టాను.