పలకని మెట్టు

ఫ్యాను ఆపాం. ఫ్రిజ్జు ప్లగ్గు పీకాం.
కిటికీకి రెండు దుప్పట్లు, పైన ఒక బొంత.
అయినా చీమకుర్తిలో నిశ్శబ్దం దొరకాలంటే
గ్రానైట్ లారీల డ్రైవర్లు అన్నానికి కూర్చోవాలి.

కెజియ వదిన పమిటతో మెడ తుడుచుకుని పాడింది.
రెండో చరణం సగంలో క్వారీలో రాయి పేలింది.
తెరమీద ఆమె గొంతు గడ్డిపరకల వరస,
మధ్యలో ఠపీమని ఒక తాటిచెట్టు.
కోసేశా. మళ్లీ పాడించా.

నా కీబోర్డులో ఒక మెట్టు పలకదు.
పైనుండే నిషాదం. మూడేళ్ల కింద
క్రిస్మస్ రాత్రి ఎవరిదో రస్నా తాగింది.
కంప్యూటర్లో దానికేం భయంలేదు:
పక్కనున్న షడ్జమాన్ని కాపీ కొట్టి, అరమెట్టు దించి
ఆ సందులో అతికించా. అతుకు కనపడలా.

రాత్రి రెండు ట్రాకులూ కలిపి వింటే
ఎక్కడో రాయి తగుల్తోంది.
హెడ్‌ఫోన్లు అదిమిపట్టి అదే ముక్క పదిసార్లు తిప్పా.
వాయిద్యం నిషాదం మీద కాలు మోపుతోంది.
వదిన మోపట్లేదు.
వానకి గుంటలైన వీధిలో కుచ్చిళ్లెత్తి పట్టి
దాటినట్టు, అసలక్కడ చూడకుండానే దాటేస్తోంది.

మూడేళ్లు ఈ కీబోర్డు పక్కనే నేర్చుకుంది మరి.
పాటంటే అట్టాగే ఉంటదనుకుంది.

ఆమె గొంతునీ లాగి అక్కడ నిలబెట్టొచ్చు,
మౌసుతో ఒక్క గీత.
తెల్లారి ఫోన్ చేశా:
"వదినా, ఆడ ఇంకో స్వరముంది, అందుకుంటావా?"
"యాడ?" అంది.
కుక్కరు కూతల మధ్య మొత్తం పాడి వినిపించింది,
గుంట దాటి.

అతికించింది పీకేశా.
ఇప్పుడిద్దరూ ఒకేచోట ఆగి, ఒకేచోట దూకుతున్నారు.
లోపల ఇంకా లారీ హారన్ ఒకటి సన్నగా మిగిలుంది;
దాన్ని రేపు చూద్దాం.
ఫైలుకి పేరేంటని కంప్యూటర్ అడిగితే
రస్నా అని కొట్టా.