తోమొద్దు

ఆదివారం తెల్లారక ముందే
మౌలాలి తన గుజిరీ అంగడి ముందు గోతం గుమ్మరిస్తాడు.
మూత లేని చెంబు, చెంబు లేని మూత,
ఒంటి చెవి గంగాళం,
ఎవరింట్లోనో జొన్నలు కొలిచి కొలిచి
అంచరిగిన ఇత్తడి మానిక.
నేను గొంతుక్కూచ్చొని
సెల్‌ఫోన్ లైటేసి చూస్తా.

చూసేటప్పుడు మొహంలో ఏమీ కనపడకూడదు.
నచ్చినదాన్ని పక్కకు నెట్టి
నచ్చనిదాన్ని రెండుసార్లు తిప్పి చూడాల.
మౌలాలికి ఈ విద్య నాకంటే ముందే తెలుసు.
అందుకే వాడు నా మొహం చూడడు,
నా కాలి బొటనవేలు చూస్తాడు.
"వేలు కదిలిందక్కా, ఇంకో యాభై వెయ్యి."

కిలో లెక్కన కొంటా.
కథ లెక్కన అమ్ముతా.

ఇంటికి తెచ్చి, మిద్దె మీద
అమ్మ పాత గద్వాల చీర మడిచి పరిచి
పొద్దు వాలేటప్పుడు ఫోటో తీస్తా.
ఆ ఎర్రెండ పడితే
నాలుగు వందల గిన్నె నాలుగు వేల మాదిరి కనపడుతుంది.
కొనేవాళ్ళు బెంగళూరులో, పూణేలో
రాత్రి పదకొండుకు మేలుకుంటారు.
అందరూ ఒకటే మాట రాస్తారు:
తోమొద్దు.
కిలుము అట్లే ఉండాల, నలుపు అట్లే ఉండాల.
తోమితే సగం ధర పోతుంది.

ఈ మాట మూడేండ్లుగా అమ్మకు మింగుడు పడలేదు.
చింతపండు, ఇటుకపొడి, కొబ్బరి పీచు,
ఆ చేతులు ఊరికే ఉండలేవు.
నేను లేని పూట ఒక దీపపు సెమ్మెను
తళతళలాడించి పెట్టింది.
పదహారు వందలు పోయినాయి.
"మురికికి రేటేందే?" అని
పోయిన దుడ్డు కంటే దానికే ఎక్కువ బాధపడింది.

పోయిన వారం ఆకువక్క పెట్టె దొరికింది.
లోపల ఏడు అరలు, మూత మీద చిలక,
చిలకకు ముక్కు అరిగిపోయింది.
నాలుగు వందల పదికి తెచ్చినా.
అరల మూలల్లో బూడిదరంగు మన్ను
గట్టిపడి, గోటికి రాకుండా ఉంది.
బెంగళూరు మేడమ్ అడిగింది: ఆ మన్ను ఎన్నాళ్ళది?
నూరేండ్లది, అని కొట్టినా.
కొట్టేటప్పుడు కాలి బొటనవేలు కదిలింది.
మౌలాలి లేడు కాబట్టి సరిపోయింది.

అమ్మ పెట్టె తీసుకొని వాసన చూసింది.
తడివేలు మూలలో అద్ది
రెండు వేళ్ళ మధ్య నలిపింది.
"నూరేండ్లా?
ఇది తుంగభద్ర ఒండు.
మన మెట్లల్లో పదకొండో మెట్టు దాకా వచ్చిన ఒండు.
అక్టోబరుది."

ఏ అక్టోబరని కర్నూల్లో ఎవరూ అడగరు.

నీళ్ళు తీసినాక అమ్మ నెల దినాలు తోమింది.
బోకులు, మంచం కోళ్ళు, దేవుని పటాల అద్దాలు,
నా పరీక్ష అట్ట కూడా,
ట్యాంకరు దగ్గర కొట్లాడి తెచ్చిన రెండు బిందెలతో.
తోమలేనివి వీధిలో కుప్పేసినాం.
కుప్పను లారీ ఎత్తుకపోయింది.
ఆ లారీ యాడికి పోయిందో
ఇన్నేండ్లలో మౌలాలిని నేనడగలేదు.

"ఎంతకు పోతాది ఇది?"
"రెండు వేల ఎనిమిది వందలు."
అమ్మ వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది.
"అట్లయితే మేము పారలతో వీధిలోకి ఎత్తిపోసింది..."
లెక్క పూర్తి కాకముందే నవ్వొచ్చింది,
చాలాసేపు ఆగలేదు.
"ఆ మేడమ్‌ను అడుగు, ఇంకా కావాల్నా అని.
అటక వెనక గోడ సందులో బొచ్చెడుంది."

రాత్రి పెట్టెను పేపర్లో చుడుతుంటే
ఒక మూల నుంచి చిటికెడు మన్ను రాలింది.
అమ్మ చింతపండు నానేసిన గిన్నె పక్కన పెట్టుకొని
చూస్తా కూచుంది, ముట్టుకోలేదు.
నేను ఆ చిటికెడూ వేలితో కూడదీసి
మళ్ళీ అరలో పోసి
మూత మూసి
టేపు వేసినా.