శివారు నీళ్ళు

పాలకొల్లులో, ఎరువుల కొట్టు మీద నా స్టూడియో.
గోడలకి కోడిగుడ్ల అట్టలు, వాటి మీద పాత బొంతలు.
ఫ్యాను ఆపేశాం. రైసుమిల్లు ఆగేదాకా కూర్చున్నాం.
పేరిందేవిగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని
ముఖారి ఎత్తుకున్నారు.

మంద్రంలో ఆవిడ గొంతు
కుండ అడుగున నీళ్ళు కదిలినట్టు.
సూది లేవలేదు. గెయిన్ పెంచాను.
అరనిమిషం తిరక్కుండా తారగాంధారం.
ఎర్రదీపం.
డెబ్భై రెండేళ్ళ మనిషి
దాన్ని వెలిగిస్తుందని అనుకోలేదు నేను.

అందుకని కంప్రెసర్ వేశాను,
పెళ్ళి వీడియోల పాటకి వేసినట్టే, నాలుక్కి ఒకటి.
లేచినదాన్ని నొక్కడం, నొక్కినదాన్నంతా కలిపి ఎత్తడం.
తెర మీద గీత కోసేసిన వరిచేనులా చదునైపోయింది.
ముచ్చటేసింది కూడా.

వినిపించాను.
ఆవిడ ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ జరిపి అడిగారు:
"ఈ రొప్పుతున్నదెవరు నాయనా?"
ఆవిడే.
విరుపుకీ విరుపుకీ మధ్య తీసుకున్న ఊపిరి
పాటంత ఎత్తున లేచి కూర్చుంది.
దాని వెనకాల కాలవలో ఎవరిదో పడవ ఇంజను.
"నేను చాలా దూరం నుంచి నడిచొస్తాను కదా ఈ రాగంలో,
ఇందులో మొదట్నుంచీ గుమ్మంలోనే నిలబడున్నానేం?"

జవాబు రాలేదు. నాన్న గుర్తొచ్చాడు.
లాకుల దగ్గర లస్కరు ఆయన.
వరదొచ్చిన శ్రావణాల్లో చక్రం పట్టుకుని
తలుపు ఎంత దించాలో
అరికాలికి తగిలే గట్టు వణుకుని బట్టి చెప్పేవాడు.
"మరీ బిగిస్తే శివారు చేలకి తడందదురా,
నీళ్ళకి నడక ఉండాలి"
అనేవాడు, ఆఫీసరు లేనప్పుడు.

కంప్రెసర్ పూర్తిగా తీసెయ్యలేదు, అబద్ధమెందుకు.
ఒకటిన్నరకి దించాను, అదీ
తూనీగ వాలినంత.
మిగతాది ఫేడర్ మీద వేలితో,
ఆవిడ మెడనరం చూస్తూ.
పైకి వెళ్ళేముందు అది సన్నగా బిగుస్తుంది,
నా వేలు అరంగుళం కిందికి.
ఆవిడా సరిగ్గా అప్పుడే మైకుకి చెంప చూపించేవారు.
రేడియో రోజుల అలవాటట.

మూడోసారికి, రాత్రి పదకొండింటికి, కుదిరింది.
మంద్రపంచమం దగ్గర
మరీ సన్నటి చోటొకటి మిగిలిపోయింది అందులో.
ఇప్పటికీ అక్కడికొస్తే చెయ్యి ఊరుకోదు.

మనవరాలు బస్సులో, ఫోన్లో విని
"అమ్మమ్మా, ఇక్కడేం వినబడటం లేదే" అందట.
"దగ్గరికి రావే"
అన్నారట పేరిందేవిగారు.