పొయ్యి నోటి దగ్గర

బెర్తలాన్ గుండెలోకి తీగ పంపి
రెండు స్టెంట్లు వేసి ఇంటికి సాగనంపారు సెగెద్ ఆసుపత్రి వాళ్ళు.
వాటితో పాటు ఒక కాగితం.
నూనెలో వేగినవి వద్దు. మీగడ వద్దు. ఉప్పు చూసుకోండి.
ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించాను.
మర్నాడు చూస్తే తిరగేసి ఉంది.
వెనకవైపు ఆయన రాత:
"ఇక మిగిలిందేముంది?"

ముప్పై ఒక్కేళ్ళు సంత మూలన లాంగోష్ వేయించిన మనిషి.
తెలియని వాళ్ళకి చెబుతున్నాను,
పొంగిన పిండిని అరచేతుల మధ్య సాగదీసి,
నడుమ పల్చగా, అంచులు లావుగా,
మరిగే నూనెలోకి జారవిడిస్తే
సుయ్‌మని మునిగి, ఉబ్బి, బంగారు రంగులో తేలుతుంది.
పైన వెల్లుల్లి నీళ్ళు, పుల్ల మీగడ, చీజ్ తురుము.
మంచు కురిసే పొద్దుల్లో ఫ్యాక్టరీకి పోయేవాళ్ళు
రెండు చేతులా పట్టుకుని
వేళ్ళు కాచుకుంటూ తినేవాళ్ళు.
నేనూ అలాగే తిన్నాను మొదటిసారి.
డబ్బులివ్వబోతే తీసుకోలేదు.
ఆ ఒక్కటీ ఇంకా బాకీ.

ఇప్పుడు వండే వంతు నాది.

మొదటి ఆదివారం
ముడి గోధుమపిండి, ఈస్ట్, ఉడికించి చిదిమిన ఒక బంగాళాదుంప,
ట్రేకి చెంచాడు నూనె, అదీ బ్రష్షుతో.
ఓవెన్‌లోంచి తీసి బల్ల మీద పెడితే
టక్కుమంది, చెక్క మీద చెక్క పెట్టినట్టు.
ఆయన గోటితో కొట్టి చూశాడు.
"ఇంటి కప్పుకి పనికొస్తుంది" అన్నాడు.

రెండో ఆదివారం మనవరాలు లిల్లా వచ్చి
కాలీఫ్లవర్‌తో ఏదో చేసింది.
దాని గురించి మా ఇంట్లో మాట్లాడుకోం.

మూడోసారి సగానికి సగం మైదా కలిపాను.
పంతానికి పోతే పిండి పొంగదు కదా.
రాత్రంతా చల్లటి గదిలో వదిలేశాను, తొందరపెట్టకుండా.
మీగడ బదులు పెరుగు,
గుడ్డలో మూటగట్టి నీళ్ళన్నీ కారనిచ్చి.
ఉప్పు తగ్గించిన చోట వెల్లుల్లి రెండింతలు.
బాగుంది. బాగుందని నాకు తెలుసు.
ఆయన ఒక తుంపు తిని పళ్ళెం జరిపాడు.
"రొట్టె బాగుంది పిరోష్కా.
రొట్టెని రొట్టె అను.
దాన్ని లాంగోష్ అనకు.
ఆ పేరు మీదే ముప్పై ఒక్కేళ్ళు బతికాను."

కోపం రాలేదని అనను.
గిన్నెలు కడిగాను, కావలసినదాని కన్నా గట్టిగా.
మూడో గిన్నె దగ్గర మా అమ్మమ్మ గుర్తొచ్చింది.
వారానికోసారి రొట్టెల రోజు.
మట్టి పొయ్యిలో మంట ఇంకా ఆరకముందే
తొట్టి గోడలకంటిన పిండి గీకి, చేత్తో తట్టి
పొయ్యి నోటి దగ్గర, మంటకి ఎదురుగా పెట్టేది
రొట్టెలు కాలేదాకా ఆగలేని పిల్లల కోసం.
వేయించడమా? ఆ ఇంట్లో కొవ్వు పండక్కి దాచుకునేది.
ఆవిడ దాన్ని ఏమని పిలిచేదనుకున్నారు?
లాంగ్ అంటే మా భాషలో మంట.
నూనె కాదు.

తడి చేతుల్తోనే వెళ్ళి చెప్పాను.
ఆయన మాట్లాడలేదు.
చెయ్యి గుండె మీదికి పోయింది. నా ప్రాణం పోయింది.
చొక్కా జేబులో కళ్ళద్దాల కోసమట.
అవి పెట్టుకుని, పళ్ళెం దగ్గరికి లాక్కుని
దొంగ నోటుని చూసినట్టు అటూ ఇటూ తిప్పాడు.
"నడుమ వేళ్ళ మొనలతో నొక్కాలి.
అరచేత్తో కాదు. ఎవరు నేర్పారు నీకు?"

నాలుగో ఆదివారం ఆయనే సాగదీశాడు.
ముంజేతుల మీద నూనె చిందిన పాత మచ్చలు
పిండిలో తెల్లబడ్డాయి.
ఓవెన్ ముందు కుర్చీ వేసుకుని
అద్దానికి చెవి ఆనించినంత పని చేశాడు.
"చప్పుడు లేదు" అన్నాడు.
నిజమే. దానికి నా దగ్గర మందు లేదు.
పక్కన ఇంకో కుర్చీ వేసుకున్నాను.
ఇద్దరం చూస్తుండగా
ఒక అంచు మెల్లగా లేచింది.

రాత్రి పాలు తీయబోతే
ఫ్రిజ్ మీద కాగితం ఇంకా తిరగబడే ఉంది.
ఆయన ప్రశ్న కింద, అదే రాతలో
ఇంకో మాట చేరింది.

"వెల్లుల్లి."